కంత

వల సూది పట్టి నలభై ఏళ్ళు.
సొర కొరికినా, మొద్దు చీరినా
తెల్లారేసరికి కంత పూడ్చేసేవాణ్ణి.
భైరవపాలెంలో నా ముడి జారిందన్న మనిషి లేడు.

మాఘమాసం. ఏటిమొగ కాడ ఇసక మీద
కడుపులో గుడ్లతోనే కొట్టుకొచ్చిన తాబేళ్ళు.
గుళ్ళో కూర్మానికి దణ్ణం పెట్టేవాళ్ళమే
వీటిని దాటుకుంటూ పోతాం.
సంగాడోళ్ళ నూకరత్నం ఆగింది.
తొమ్మిదో క్లాసు. చెప్పులు చంకలో పెట్టుకుని
ఒక్కోదాని చుట్టూ పుల్లతో గీత గీసింది.
పదిహేడు.
పోటుకి గీతలు చెరిగాయి.
మర్నాడు మళ్ళీ గీసింది. ఇరవై రెండు.

"తాతా, గాలికి పైకి రాలేక నీ వలలోనే పోయాయివి.
రొయ్య ఆగి, ఇవి జారిపోయే దారి పెట్టలేవా?"
"రొయ్య కూడా పోతే మీ నాన్న నన్ను బతకనిస్తాడా?"
"ఆ తిట్లు నేను తింటాలే. నువ్వు కొయ్యి."

కత్తి చేతిలో ఎంతసేపు ఉందో తెలీదు.
కన్నూ కన్నూ కలిపిన వేళ్ళు
మొదటిసారి కావాలని ఒక కంత పెట్టాయి.
అంచు మాత్రం మెత్తగా కుట్టాను,
తాబేలు డొక్క గీసుకోకుండా.

బోటు ఇంకా మొగలోకి రాలేదు.
వాళ్ళ నాన్న తిట్లు నా చెవుల్లోనే ఉన్నాయి.
పిల్ల ఒడ్డున పుల్ల పట్టుకుని నడుస్తోంది.
ఇసక మీద ఇవాళ
ఇంకా గీత పడలేదు.