మూడు బస్తాల ఉప్పు

నా పేరు బెల్మీరో.
లిస్బన్‌లో నార్వే రాయబారి కారు నడుపుతాను.
ఇరవై ఆరేళ్ళలో ఈమె ఏడో మనిషి.
ముందటి ఆరుగురూ నాకు అద్దంలోనే పరిచయం.
ఒకాయన కునికేవాడు, ఒకాయన ఫోను వదిలేవాడు కాదు,
ఒకావిడ వాన పడితే పాడుకునేది,
సన్నగా, నేను లేననుకుని.

ఇవాళ పొద్దున బెలేం భవనంలో
రాగ్న్‌హిల్డ్ త్వైట్ గారు అధికార పత్రాలు అందించారు.
గులాబిరంగు గోడ, కవాతు, బాకా.
లోపల "శతాబ్దాల స్నేహం" అన్నారట.
ఏడుసార్లూ అదే అన్నారట.
బయట కారు తుడుస్తున్న నాకు
బాకా ఒక్కటే వినపడింది.

తిరుగుదారిలో, నది పక్కన ఎర్రదీపం దగ్గర
ఆమె ముందుకి వంగి
వచ్చీరాని పోర్చుగీసులో అడిగింది:
"ఎండుచేప ఎక్కడ మంచిది?"
ప్రోటోకాల్ కుర్రాడు కార్యక్రమాల కాగితం
అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.
అందులో చేప లేదు.

దెయొలిందా కొట్టు పగలే చీకటి.
కాడ్ చేపలు పలకల్లా పేర్చి ఉంటాయి,
ఉప్పు పొరతో, బిరుసుగా.
ముసలమ్మ ఒకటి తీసి బల్లకేసి కొట్టింది,
తలుపు తట్టినట్టు.
రాయబారి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని
వేలితో మీటింది.
"ఇది రెండో రకం."

కొట్టులో ఎవరూ ఊపిరి తియ్యలేదు.

"లోఫోటెన్ దీవుల పిల్లని.
పదేళ్ళప్పుడు, బడి వదలగానే, రేవులో
చేప నాలుకలు కోసేదాన్ని, కిలోకి ఇంతని.
నా మొదటి సైకిలు ఆ నాలుకల డబ్బే."

"అయితే ఇప్పుడూ
నాలుక మీదే బతుకుతున్నావన్నమాట"
అంటూ దెయొలిందా లోపలికెళ్ళి
మొదటి రకం తెచ్చింది.
దాంతోపాటు అట్ట ఊడిన ఖాతా పుస్తకం.

పంతొమ్మిదివందల ఇరవైయారు, నవంబరు.
క్రిస్టియన్‌సుండ్ పడవ, కెప్టెన్ ఊలవ్.
మూడు బస్తాల సేతూబల్ ఉప్పు.
మళ్ళీ ఏడు ఇస్తానన్నాడు.

"తాత రాశాడు. నాన్న కొట్టెయ్యలేదు.
నువ్వు ప్రభుత్వానివే కదా?"

కుర్రాడు దగ్గాడు.
ఆమె సంచీ తెరిచింది.
ముసలమ్మ పుస్తకం మీద అరచెయ్యి పరిచేసింది:
"అడగటం నా వంతు.
తీసుకుంటానని ఎవరన్నారు?
బాకీ తీరితే మీ పడవకి ఇటు పనేముంది?"

రాయబారి కాసేపు ఆలోచించి
పెన్సిలు అడిగింది.
ఆ వరస కింద రాసింది:
"బాకీ ఉంది. ఒప్పుకుంటున్నాను."
పేరు, తేదీ.

ఒప్పందాల సంతకాలు నేను టీవీలో చూసినవే.
కళ్ళెదురుగా జరిగింది ఇదొక్కటి,
మొండి పెన్సిలుతో,
ఉప్పు అంటిన వేళ్ళతో.

దారంతా ఒకటే ఆలోచన.
మా మడుల ఉప్పు ఉత్తరానికి పోయి
వాళ్ళ చేపలో ఇంకి
మళ్ళీ మా కంచంలోకే వచ్చేది.
ఇందులో ఎవరి ఉప్పు ఎవరు తిన్నట్టు?
ఎవరు ఎవరికి విశ్వాసంగా ఉండాలి?
లెక్క తేలకముందే రాయబార కార్యాలయం గేటు వచ్చింది.

కారంతా వాసన.
కుర్రాడు కిటికీ దించాడు,
ఆమె ఎత్తించింది.
కాగితం పొట్లం ఒళ్ళోనే ఉంది.

రాత్రి మా ఆవిడ నా కోటు వాసన చూసి
"డ్యూటీకే వెళ్ళావా?" అంది.
డ్యూటీకే అన్నాను.
నమ్మలేదు.
కోటు తీసుకెళ్ళి బాల్కనీలో తగిలించింది,
రేవు వైపు.