ఖలాస్

హఫూఫ్ పొలిమేరల, ఖర్జూర తోటలను ఆనుకున్న షెడ్డు.
రాత్రి రెండు.
పంపు మీద చెయ్యి ఆనిచ్చి చూస్త,
పిల్ల నుదురు మీద జరం చూసినట్టు.

మట్టలు కోసుకొచ్చి, ముండ్లు చెక్కి, ముక్కలు చేసి
కాస్టిక్ నీళ్ళల్ల ఉడకేస్తే
పొద్దంతా దాచుకున్నది పొద్దుమీకి కక్కుతది చెట్టు.
నల్లగ,
మరిచిపోయి మాడబెట్టిన చాయ తీరు.

మొదటి పొర కాడ లావు సరుకు ఆగిపోతది,
బంక, జిగురు, కట్టెతనం.
రెండో పొర వేరే.
వెంట్రుకను వెయ్యి చీలికలు చేసినా
ఒక్క చీలిక పట్టదు దాని కన్నంల.
నీళ్ళు దాటిపోతయి. ఉప్పు సగం దాటుతది.
ఆకు పులుపు మాత్రం
కడప అవతలకు అడుగు పెట్టదు.
దానికోసమే ఇంత లొల్లి.

నిన్న ఫోన్ల భూలక్ష్మి అడిగింది,
ఫర్మా పెట్టి తునికాకు కత్తిరించుకుంట,
"పారేసే మట్టలు ఉడకవెట్టి ఏం దీస్తరు?"
"పులుపు."
"ఆడ చింతపండుకు గంత కరువొచ్చిందా?"
నవ్విన.
నవ్వుల వడి గేజు ముల్లు ముప్పై దాటింది సూసుకోలే.

పొరకు బంక పడితే అంతే.
నీళ్ళు సన్నగిల్లుతయి, పంపు మూలుగుతది,
ఎంత తోసినా పోదు.
ఆపాలె. కడగాలె. వెనుకకు నీళ్ళు తోలాలె.
వచ్చిన తొవ్వనే తిరిగి తోలితేగాని
దాని నోరు తెరుచుకోదు.

బుథైనా మేడం ఒక సీస చూపిచ్చింది,
అడుగున ఇంత పొడి,
పసుపు చెయ్యి కడిగిన పిండి రంగు.
"ఆకు గోడలల్ల సున్నం ఇదే,
ఎండల మంట పెట్టే పాలును తాగేది ఇదే" అన్నది.
మొకానికి రాసుకునే నూనెలల్ల పోస్తరట.
బజార్ల అద్దం వెనుక చూసిన,
బొటనవేలంత బుడ్డి, రెండు వందల నలభై రియాళ్ళు.

ఈ మట్టలు కోసేది సిలెట్ సిరాజ్ మియా.
నడుముకు తాడు, చేతుల కొడవలి,
ఎండకాలం పన్నెండు నుంచి మూడు దాక పని బంద్ అని చట్టం.
చెట్టుకు ఆ చట్టం లేదు.
సిరాజ్ మెడ చూస్తే
మూడు దాటినంక ఎండ కూడ ఎండే అని తెలుస్తది.

ఒకనాడు సంచి కుట్టు పిగిలి నేల మీద రాలింది పొడి.
ఊడ్చి పారెయ్యమన్నరు.
పిడికెడు తీసిన. వాసిలిన్ల కలిపిన.
సిరాజ్‌ను స్టూలు మీద కూసోవెట్టి మెడకు రాసిన.
ఒక ఉలుకు ఉలికి, మంచిగనే కూసున్నడు.
"కాలినంక రాస్తే ఏమొస్తది" అన్నడు,
"ఖలాస్, భాయ్."

మా దిక్కు ఖలాస్ అంటే అయిపోయినట్టు.
సిరాజ్‌కూ అదే అర్థం.
ఇక్కడ అది ఖర్జూరం పేరు,
తేనె రంగుది, అన్నిట్లకు పిరమైనది,
ఆయన రోజూ ఎక్కే చెట్టుది.

మేడం ఇంకోటి చెప్పింది, పోతూ పోతూ.
మక్కల పొట్టుల, బెండ్లల
ఇదే పులుపు ఇంకా మస్తుగ ఉంటదట.
ఆ రాత్రి నాకు మా ఊరి కల్లం పొగ ముక్కుకు తగిలింది.
గుట్టలు గుట్టలు బెండ్లు,
నీళ్ళు కాగబెట్టినయి, దోమలకు పొగ వేసినయి,
ఊరికెనే అగ్గి వెట్టినయి.

భూలక్ష్మికి చెప్పిన.
కత్తెర చప్పుడు ఆగింది.
"మరి ఇన్నేండ్లు మనం పొయ్యిల వెట్టిందంతా?"

అలారం మోగుతున్నది.
మళ్ళ చేస్త అని ఫోను పెట్టేసి
వాల్వు తిప్పిన,
వెనుకకు తోలుతున్న నీళ్ళను.
ముప్పై రెండు. ముప్పై.
ఇరవై ఎనిమిది కాడ నిలవడ్డది ముల్లు,
ఇంకా దిగలేదు.