ఆవలి ఒడ్డు టవరు

సిరొంచ బస్టాండు ముందు నా దుకాణం.
బోర్డు మరాఠీల ఉంటది, తిట్లు తెలుగుల ఉంటయి,
ఫోన్ల లోపలి మెనూ ఎక్కువ హిందీల.
నడుమల నేను, చాందాల ఆర్నెల్లు నేర్చుకున్న టంకంతోని.
అహేరి దిక్కు అడివిలకెల్లి అచ్చే మాడియా పోరగాల్లు
పది రూపాలకు చార్జింగు పెట్టి
బెంచీ మీద పండుకుంటరు, బస్సు పోయినా లేవరు.
మబ్బు పట్టిందంటే మా టవరు సుత పండుకుంటది.
అప్పుడు ప్రాణహిత దాటచ్చిన సిగ్నల్ పట్టుకొని
కుర్చీల కూసున్నకాడనే
'తెలంగాణకు స్వాగతం' అని మెసేజ్ అస్తది.
ఎన్నిసార్లు స్వాగతం చెప్పించుకున్ననో.
కాలు మాత్రం కదపలే.

మొన్న బానయ్య అచ్చిండు.
తువ్వాల కొసకు ముడేసిన ఫోను తీసిండు.
బటన్ల ఫోను. బ్యాటరీ పూరీ లెక్క ఉబ్బింది.
"పారెయ్యమనకు బిడ్డా, పేర్లున్నయి అండ్ల."

తెరిచి చూస్తే పేర్లు లేవు.
అక్షరం రానోడు ఏం పేరు రాసుకుంటడు?
గుర్తులున్నయి.
# "గది వల. చేపలు కొనే సాయమ్మ."
+ ఆవలి ఒడ్డు నర్సమ్మ.
@ "పాము సుట్ట. మందిచ్చే ఓదెలు."
? "గాలం గాదు, కొడవలి. కైకిలోల్ల మేస్త్రి."
ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు : కవలపిల్లల తల్లి.
* కాళేశ్వరంల పూలమ్మేటామె.
"పుష్కరాలకు నాలుగుసార్లు దాటిచ్చిన,
ఇంకా పైసలియ్యలే" అని నవ్విండు.

ఫోను రాకముందు
అటుదిక్కు నిలబడి కూతేసేటోల్లట.
"ఓ బానన్నో" అన్న ఒక్క కేకల
మనిషెవలో, తాగిండా, ఏడ్సిండా,
ఎత్తుకున్న పిల్లకు జరమా,
అన్ని తెలిసేవట.
తర్వాత మిస్సు కాల్.
రెండు రింగులంటే ఇద్దరు. ఆపకుండ మోగితే కాన్పు.
అదీ నేర్చుకున్నడు.
ఎట్లుండె అని అడిగితే
"దానికి దగ్గు ఉండది" అన్నడు, గంతే.

బ్రిడ్జి పడ్డంక
ఆటోలు, ఇసుక లారీలు, పెండ్లి కార్లు,
కొత్త స్కూటీ మీద నేను సుత
నదిని చూడకుంటనే దాటుతం.
బ్రిడ్జిని నేను తిట్ట.
మా అమ్మను రాత్రి రెండు గంటలకు
వరంగల్ దవాఖానకు తీస్కపోయింది దాని మీదికెల్లే.
గా రాత్రి కింద పడవ ఉన్నదో లేదో
యాదికి సుత రాలే.

బ్యాటరీ మార్చిన. స్పీకర్ల ఇసుక దులిపిన,
సన్నది, ప్రాణహితదే.
ఫోను లేచింది గని ఇన్‌కమింగ్ బంద్.
"రెండు నెలలైంది పెద్దయ్యా రీచార్జి లేక.
ఎవలు చేసినా మోగది."

వల గుర్తు దిక్కు చానాసేపు చూసిండు.
"అంటే, వాల్లు చేసిన్రేమో."

నాకేం చెప్పాల్నో తోచలే.
ఇరవై ఎనిమిది రోజులకు రీచార్జి చేసి
నా నంబరుకెల్లి కొట్టి చూసిన.
మోగింది.
బానయ్య దిగ్గున లేచి
తువ్వాల భుజానేసుకొని
బస్టాండు అవతల, చికెన్ సెంటర్ల ఎనక,
ఇక్కడికెల్లి కనపడని నది దిక్కు
మూడడుగులేసిండు.
ఆగిండు.
మల్ల అచ్చి కూసున్నడు.

"నీకే గుర్తు పెడుదాం?"
మీటలన్ని ఒక్కొక్కటి నొక్కి చూపిచ్చిన.
! కాడ నా చెయ్యి పట్టి ఆపిండు.
"గిది పెట్టు. పడవ గడె.
కింద చూడు, నీల్ల సుక్క రాలుతాంది."