తరుగు

నాలుగోసారి కూడా అదే చప్పుడు.
ఎడమవైపు ముందు చక్రం దగ్గర,
గుంత దిగినప్పుడల్లా టిక్కుమని,
సుత్తి జారి దాగలి అంచుకు తగిలినట్టు.
ముప్పై ఆరేళ్లు దాగలి ముందు కూర్చున్న చెవి నాది.
ఏ చప్పుడు ఏ లోహానిదో
నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మొదటిసారి లింకు రాడ్డన్నారు. మూడువేల నూటఇరవై.
రెండోసారి బుష్షులు.
మూడోసారి "మౌంటింగ్ పోయింది ఆచారిగారూ" అన్నాడు
తెల్లచొక్కా కుర్రాడు, మీసాల ఢిల్లేశ్వరరావు.
పేరు జేబు మీద ఇంగ్లీషులో కుట్టించారు గానీ
మాట ఇంకా పాతపట్నం దాటి రాలేదు.
బిల్లు మాత్రం మిషన్లోంచి వేడిగా వచ్చింది,
అప్పుడే కాల్చిన అప్పడంలాగ.
అందులో ఒక వరస: కన్జ్యూమబుల్స్, నాలుగువందల ఎనభై.

"అంటే ఏటి బాబూ?"
"గుడ్డలండి, గ్రీజండి, అలాటివి."
"ఎన్ని గుడ్డలు? ఎంత గ్రీజు?"
కుర్రాడు ఏసీ వైపు చూశాడు.
పోనీ తీసేసిన పాత సామాను చూపించమంటే
"స్క్రాపుకి ఎలిపోనాదండి."

గంటస్తంభం వెనక సందులో నా కొట్టు.
మిల్లీగ్రాము తేడా వస్తే
ఫ్యాను ఆపించి మళ్లీ తూస్తాను.
పాత గాజు స్క్రాపుకి పోయిందని నేనంటే
సాయంత్రానికి నా తలుపులు ఉంటాయా?

అందుకని నాలుగోసారి వెళ్లే ముందు రాత్రి
స్టీరింగు మొత్తం తిప్పి, చక్రం పక్కన బోర్లా పడుకుని,
నోట్లో టార్చి పెట్టుకుని,
లింకు రాడ్డు మీద కలంతో చెక్కాను,
మా తాత పుస్తెల వెనక వేసే గుర్తు:
సెనగగింజలో సగం ఉండే లకారం.
మా ఆవిడ మేడ మీంచి చూసి
"మీకేటైనా పట్టిందా" అంది.

పట్టింది.

సాయంత్రం బిల్లులో మళ్లీ లింకు రాడ్డు. కొత్తది.
ఈసారి మూడువేల మూడొందల నలభై, కూలి వేరే.
"బండి పైకెత్తండి" అన్నాను.
మేనేజరు టీ గ్లాసుతోనే వచ్చాడు.
టార్చి వేశాను.
గ్రీజు మరకల మధ్య మా తాత అక్షరం
నవ్వలేదు, ఏడవలేదు, తళుక్కుమంది.

"సిస్టంలో పొరపాటున ఎక్కిందండి."
"మరి ఆ మూడు బిల్లులు?"
"అవి క్లోజయిపోయాయండి, జీఎస్టీ కూడా కట్టేశాం."
ఆ ఒక్క రాడ్డు కొట్టేశారు, కూలీ కొట్టేశారు.
గుడ్డలూ గ్రీజూ అలాగే ఉన్నాయి.

గేటు దాటబోతుంటే ఢిల్లేశ్వరరావు పరుగున వచ్చాడు.
"ఆచారిగారూ, అది నా జీతంలో కోసేత్తారండి."
"రాడ్డు మార్చకుండా వదిలింది నువ్వా?"
"నాను టేబులు కాడే ఉంతానండి.
లోపలికి ఎల్లనివ్వరు నన్ను."
ఏం చెప్పాలో తోచక గేరు వేశాను.

అయ్యన్నపేట జంక్షన్ దగ్గర, సిగ్నల్లో,
ఎందుకో గజపతినగరం అప్పలనర్సమ్మ గుర్తొచ్చింది.
తెగిన నానుతాడు కొంగున కట్టి తెచ్చింది.
అతికి, మెరుగుపెట్టి, చీటీ రాశాను.
మజూరీ ఇంత. తరుగు ఇంత.
చీటీ చదవడం రాదు, వేలు పెట్టి అడిగింది:
"ఆ తరిగిందేదో ఒకపాలి సూపించు నాయినా."
నవ్వాను.
"దుమ్ములో కలిసిపోద్దమ్మా, కనబడదు."
దుమ్ములోనే కలుస్తుంది, అబద్ధం కాదు.
ఆ దుమ్ము ఊడ్చి, డబ్బాలో దాచి,
ఏడాదికోసారి మట్టి కడిగేవాళ్లకి అమ్ముతాను.
ఆ సంగతి ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.

వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.
ముందు గుంత.
టిక్.

రాత్రి భోజనమయ్యాక
వినియోగదారుల కోర్టుకి కాగితం రాయడానికి కూర్చున్నాను.
తేదీలు, అంకెలు, బిల్లు నంబర్లు,
చక్కగా వరసలో దిగాయి.
కన్జ్యూమబుల్స్ దగ్గరికొచ్చేసరికి
అలవాటైన చెయ్యి
తరుగు అని రాసేసింది.

కొట్టేద్దామని పెన్ను పెట్టాను.
అక్కడే సిరా చుక్క పెద్దదవుతోంది.