పేట ఎక్కడ

బరంపురం పెద్దాసుపత్రిలో
పన్నెండో నంబరు గది బయట నా స్టూలు.
చీటీల మీద వరస నంబరు వెయ్యడమే ఉద్యోగం.
మాట దాటించడం జీతంలో లేదు.

ఆవేళ ముప్పై ఏడో చీటీ, సూరాడ ఎర్రమ్మ.
సరిహద్దు వాగు సముద్రంలో కలిసేచోట, ఇసక మీది ఊరు.
తెల్లారగట్ల చేపల ఆటోలో ఐసు పెట్టెల మధ్య కూచుని
రోడ్డెక్కి, బస్సు పట్టి,
బస్టాండు నుంచి నడిచి
పదకొండింటికి నా ముందుకొచ్చింది.
కోక అంచు ఇంకా తడిగానే ఉంది.

డాక్టరు కుర్రాడిది బలంగీరు.
మంచివాడే. తలెత్తి అడిగాడు: "పేటొ?"
ఎర్రమ్మ చేతులు కట్టుకుని చెప్పింది:
"కొత్తపేట బాబూ. తుపాను షెల్టరు ఎనకాల."

వరసంతా గొల్లుమంది.
ఒడియాలో పేటంటే కడుపని
ఆవిడకెవరు చెప్పాలి?
నేనూ నవ్వాను. తర్వాత లేచాను.

కడుపులో ఏటవుతోందమ్మా?
"తోడేస్తంది" అంది.
గుచ్చడానికి అవతల మాటుంది, మంటకి మాటుంది.
చెలమలో ఇసక తోడినట్టు
లోపల ఎవరో చిప్పతో
గీకి గీకి తీసుకుపోయే ఆ నొప్పికి
నా దగ్గర రెండు భాషలుండీ
ఒక్క మాట దొరకలేదు.
"బొహుత్ కష్టొ, సార్" అన్నాను.
ఆయన గ్యాసు అని రాయబోయి
నా మొహం చూసి ఆగాడు.

నిరుడు ఇలాగే ఒకాయన
గుండెల్లో బరువుగా ఉందంటే
బెంగ అనుకుని, అలాగే చెప్పాను.
చీటీ నంబరు తొమ్మిది.
మళ్లీ రాలేదు.

అందుకని స్టూలు లోపలికి లాక్కుని
ఎర్రమ్మ పక్కన కూచున్నా.
ఎప్పణ్ణించి? తిన్నాకా, తినకముందా?
నెత్తురు పడుతోందా? సిగ్గుపడకు, చెప్పు.
వల లాగినట్టు లాగాం ఒక్కో మాటా,
ఆవిడ ఒక కొస, నేనొక కొస.
బయట ముప్పై ఎనిమిది తలుపు బాదుతున్నాడు.

గోడ మీద కొత్త పటం.
జిల్లా అంతా ఆకుపచ్చ చుక్కలు,
చుక్కకో ఆరోగ్య కేంద్రమట.
ఎర్రమ్మ ఊరి పక్కనా ఒకటుంది.
"తాళం చూశాను బాబూ, డాట్రుని చూళ్లేదు."
దీన్ని మాత్రం
తడుముకోకుండా ఒడియాలో చెప్పాను.

స్కానింగు వచ్చే మంగళారం.
మంగళారం చేపల ఆటో రాదు.
చీటీ వెనక, మాత్రల పేర్ల పక్కన
పొద్దు బొమ్మా చందమామ బొమ్మా గీసిచ్చాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో తిరిగి
"మరి నీది ఏ పేటమ్మా?" అంది ఎర్రమ్మ.

నా చెయ్యి
కడుపు మీదికి పోయింది.