పసుపు వైరు

నెలిదా ఒయార్సో దాట్సన్ బండి నాకంటే రెండేళ్ళు చిన్నది.
తలుపుని కాస్త పైకెత్తి మూయాలి,
లేకపోతే జలసంధి గాలి దాన్ని మళ్ళీ లాగేస్తుంది.
"రేడియోకి మతిమరుపు," అంది
తాళంచెవి బల్ల మీద పెట్టి.
"రాత్రి బండి ఆపేస్తానా,
తెల్లారేసరికి గడియారం సున్నా, సున్నా.
స్టేషను మొదట్నుంచీ వెతుక్కోవాలి.
ఈలోపు మొదటి కబురు అయిపోతుంది.
పైగా యాక్సిలరేటరు తొక్కితే ఈల."

కబురంటే పుంతా అరెనాస్‌లో ఊసుపోక చెప్పేది కాదు.
ఫోను అందని గొర్రెల మేత భూములకి
నాలుగున్నరకి రేడియోలో చదువుతారు:
సెగుందోకి, మందులు గురువారం లారీలో వస్తున్నాయి.
రొసెండాకి, ఆపరేషను బాగానే అయింది,
పిల్ల ఏడవడం లేదు.
నెలిదా తమ్ముడు అలాంటి చోటే ఉంటాడు.
రొట్టెల బుట్టలు దించుతూ వింటుంది ఆవిడ,
తను పంపిన ముక్క చదివారో, మింగేశారో అని.

డ్యాష్‌బోర్డుకి మరలు నాలుగు. మూడే ఉన్నాయి.
రేడియోని ఇవతలికి లాగితే
వెనకే వచ్చాయి వైర్లు, కోడి పేగుల్లా.
ఎన్ని చేతులు పడ్డాయో.
ఒకడు బ్యాండేజీ గుడ్డ చుట్టాడు.
ఒకడు కాలిపోయిన ఫ్యూజు చోట
సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం కుక్కాడు.
ఎవరో మహానుభావులు ప్రతి వైరుకీ చీటీ కట్టారు,
సిరా మాత్రం ఎప్పుడో ఎగిరిపోయింది.
రెండు స్పీకర్లకీ కలిపి ఒకటే ఎర్తు,
పాత బండ్లలో అంతే.
తర్వాత వచ్చిన రేడియోలకి ఆ పొత్తు పడదు.

టెస్టు లైటు మొన పసుపు వైరులో గుచ్చాను.
ఎర్రది తాళంచెవితో లేస్తుంది, తాళంచెవితో పడుకుంటుంది.
పసుపుది పడుకోకూడదు.
బండి చచ్చినట్టు పడున్నా
బ్యాటరీ నుంచి చుక్క చుక్క తాగుతూ
గుర్తుపెట్టుకోవడమే దాని ఉద్యోగం.
లైటు వెలగలేదు.
చెవి తిప్పాను, వెలిగింది.
రెంటినీ కలిపి ఒకే ముడి వేశారన్నమాట.

"ఎవడో గాడిద," అన్నాను పైకే.
"ఆ గాడిద డబ్బులు కూడా తీసుకునుంటాడు," అన్నాడు యెర్కో,
టైరు వెనకనుంచి.

ముడి స్టీరింగు కింద దొరికింది,
ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది.
విప్పబోయి ఆగాను.
రేవులో తడిసిన సరుకు వేలం వేసినప్పుడు
ఆ టేపు డజను చుట్టలు కొన్నాను,
పందొమ్మిదేళ్ళ వయసులో, పని నేర్చుకుంటూ.
ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు ఆ రంగు.
చివర చిన్న మడత పెట్టడమూ నా అలవాటే,
విప్పేవాడి గోటికి అందాలని.
అందింది.
గుమ్మడికాయల దొంగ ఎవడంటే
చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది.
యెర్కో చూడలేదు.
చూశాడేమో.

కత్తిరించాను.
పసుపుకి బ్యాటరీ దాకా విడిగా దారి, మధ్యలో కొత్త ఫ్యూజు.
స్పీకర్లకి దేని వైర్లు దానికి.
ఎర్తు కోసం రేకు మీద పెయింటు గీకాను:
తెలుపు, దాని కింద నీలం,
దాని కింద ఎరుపు, అప్పట్లో ఇది వేరే మనిషి బండి,
ఆ ఎరుపు నాకు తెలుసు.
అదీ గీకాను, ఇనుము మెరిసేదాకా.

సాయంత్రం వచ్చి
చెవి తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది నెలిదా.
గడియారం ఆరూ పది. ఆరూ పదకొండు.
"ఎంతివ్వాలి?"
"ఏం వద్దు."
"ఎందుకు?"
పాత బాకీ అనబోయి
"చిన్న పనే," అన్నాను.
నమ్మలేదు. రొట్టె ఒకటి బల్ల మీద పెట్టి
ఇంజను లేపి
యాక్సిలరేటరు తొక్కింది.

ఈల.

నా కడుపులో ఏదో జారింది.
ఆపమన్నాను. ఆపింది.
ఈల ఆగలేదు.
ముగ్గురం పైకి చూశాం:
కప్పు రేకు సందులోంచి గాలి.
ఎన్నేళ్ళనుంచి బిగించాలనుకుంటున్నామో దాన్ని.
యెర్కో నిచ్చెన కోసం వెళ్ళాడు.