సున్నా వోల్టుల సాక్షి

వోల్టేజీ సంగతి సులువు.
తీగ మీద ఎక్కడ చెయ్యి పెట్టినా
నుదుటి మీద జ్వరంలా తెలిసిపోతుంది.
కరెంటు అలా కాదు.
ఎంత పారుతోందో చెప్పాలంటే
తీగను కోసి, ఆ కోతలో ఒకరు నిలబడాలి.

నిలబడడానికి నాకొక సాక్షి ఉండేవాడు,
సున్నా వోల్టుల సోర్సు.
దారికి అడ్డంగా నిలుచుంటాడు గానీ దేన్నీ ఆపడు,
ఏమీ ఇవ్వడు, ఏమీ పుచ్చుకోడు.
తన ఒంట్లోంచి ఎంత పోయిందో మాత్రం
పొల్లు పోకుండా చెప్తాడు.
స్కీమాటిక్‌లో వాడి మాట నమ్మి
నాలుగు నెలలు హాయిగా పడుకున్నాను.
చిప్పు నిద్రలో ఉంటే నలభై రెండు మైక్రోఆంపులు.
నలభై రెండు ట్రాన్సిస్టర్ వేళ్ళు, వేలికి ఒకటి.

తర్వాత వెంగ్ బో-షున్ లేఅవుట్ గీశాడు.
మూడు వారాలు. అతని బల్ల కింద
బొప్పాయి పాల ఖాళీ డబ్బాలు గుట్ట పడ్డాయి.
ఎక్స్‌ట్రాక్షన్ అయ్యేసరికి
నా ఒక్క గీత పదకొండు వేల రెసిస్టర్లయింది.
మలుపు మలుపుకీ ఒక పేరు,
వయా వయాకీ ఒక నంబరు.
సాక్షి ఏడీ?
లోహం లేనివాడు, వెడల్పు లేనివాడు,
వాణ్ణి ఏ పొరలో గీస్తారు?
ఆ తీగలో కరెంటెంత అని సిమ్యులేటర్‌ని అడిగాను.
ఏ తీగ, అంది.

సప్లై దగ్గర మొత్తం మాత్రం తెలుస్తోంది:
యాభై తొమ్మిది.
పదిహేడు ఎవరో తాగేస్తున్నారు.
నీరు పల్లమెరుగు, సరే.
పదకొండు వేల పల్లాల్లో ఏ పల్లాన్ని నిలదీయను?

షిన్‌చూలో అది తొమ్మిదో నెల గాలి.
పార్కింగులో స్కూటర్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయే గాలి.
శనివారం ఊరికే ఉండలేక షిన్‌పూ వెళ్ళాను.
ఫాన్ ఆ-జిన్ పెరట్లో వెదురు చేటలు,
చేటల నిండా తొక్క తీసిన పెర్సిమన్ పళ్ళు,
నారింజ రంగు ఎండలో ఉడుకుతున్నట్టు.
ఆ మూలకు గాలి ఎంత వస్తుందమ్మా, అన్నాను
(వృత్తి రోగం).
ఆమె ఒక్కో చేటలో ఒక్కో పండు నొక్కుతూ వెళ్ళింది.
ఇది నిన్నటికే ఆరాల్సింది, ఇది ఇవాళ, ఇది ఎల్లుండికి.
"గాలినెవరు చూశారు? నేను పండునడుగుతాను."

సోమవారం తీగను వదిలేశాను.
వేళ్ళనడిగాను, ఒక్కొక్కదాని డ్రెయిన్ దగ్గర,
వరసగా, పేరుపేరునా.
ఒకటీ పాయింట్ నాలుగు ఒకటి.
ఒకటీ పాయింట్ నాలుగు ఒకటి.
దొంగ కోసం వెతుకుతున్నాను నేను,
ఇక్కడ ఊరంతా తలా ఒక గుక్క తాగింది.
నలభయ్యొక్క మంది అలా చెప్పాక
ఒక్కటి మాత్రం ఒకటే అంది,
అచ్చంగా ఒకటి, చివరి దశాంశం దాకా.

దాన్ని చూసి ముందు ముచ్చటపడ్డాను, తర్వాత ఒళ్ళు జల్లుమంది.
అదే రిఫరెన్సు.
మిగతావన్నీ దాన్ని చూసి నడిచేవి.
దాని గ్రౌండు తీగ సన్నం, పొడుగు,
పక్క బ్లాకు రాబడీ అందులోనే.
అందరం నేల అనుకున్న చోట
అది పదకొండు మిల్లీవోల్టుల ఎత్తున కూర్చుంది.
తాను తప్పలేదు. తన కొలత తప్పలేదు.
దాని గేటు చూసి నడిచినవాళ్ళు తప్పారు.

బో-షున్‌కి చూపించాను.
చాలాసేపు మాట్లాడలేదు,
ఆపైన "నేనే గీశాను," అన్నాడు చైనీస్‌లో,
"నేనూ చూడలేదు," అన్నాను.
ఆ-జిన్ కట్టిచ్చిన పొట్లం ఇద్దరి మధ్యా విప్పాను.
అతను ఒక చేత్తో ఎండు పండు తింటూ
ఇంకో చేత్తో నేల దాకా వేరే తీగ లాగాడు,
వెడల్పుగా, నాలుగు వయాలతో.

రన్ తెల్లవారి అయిదింటికి ముగిసింది.
నలభై రెండూ పాయింట్ మూడు.
ఆ మూడు ఎక్కడిదో ఇంకా అడగలేదు.
కీబోర్డు మీద అతని బొటనవేలి ముద్ర,
తియ్యగా, అంటుకుని ఉంది.